ఎడమకాలి సాక్సు

సాక్సు విప్పకుండానే కాలివేళ్ళు పదీ బాగున్నాయని చెప్పిన తెలివితక్కువవాణ్ణి నేను. వేళ్ళు నావి కావు. నావే అయితే ఇంత రాయవలసిన పని ఉండేది కాదు. అవి నా జోడీదారువి.

జోడీదారు అంటే ఎవరో ముందు చెప్పాలి. పదాతిదళంలో ఏ జవానునూ ఒంటరిగా వదలరు. కాడికి ఎద్దుల్ని కట్టినట్టు ఇద్దరిద్దర్ని కలిపి కట్టేస్తారు. ఒకడు పడుకుంటే ఇంకొకడు మేలుకోవాలి. ఒకడు ముందుకు కదిలితే ఇంకొకడు వెనక కాపు కాయాలి. మా ప్లటూనులో అనంతపురంవాళ్ళం ఇద్దరమే కాబట్టి మమ్మల్నిద్దర్నీ ఒక కాడికి కట్టారు. నాది విడపనకల్లు దగ్గర పల్లె. మొదటిరోజు అతన్ని ఏ ఊరని అడిగాను.

"యాడికి," అన్నాడు.

"యాడికీ పోలేదప్పా. నీది ఏ ఊరని అడుగుతాండా."

"నేనూ అదే చెప్తాండా. యాడికి."

తాడిపత్రి పక్కన ఆ పేరుతో ఊరు ఉందని నాకు తెలియక కాదు. దేశం ఆ చివర, చెవులు గడ్డకట్టే చోట, అది ఊరి పేరుగా వినపడలేదంతే. అతను మాత్రం ఏమీ అనుకోలేదు. పుట్టినప్పటి నుంచి ఆ ముచ్చటకు అలవాటుపడిన మనిషి.

కొండల మీద యుద్ధం గురించి నేనేమీ రాయను. మా పల్లెలో అడిగినవాళ్ళకల్లా చెప్పీ చెప్పీ అది నాకంటే చాలా పెద్దదైపోయింది, ఇప్పుడు నా మాట వినదు. నేను చెప్పేది ఆ తర్వాతి చలికాలం సంగతి. గెలుచుకున్న కొండను వదిలిపెట్టి రాకూడదు గనక మమ్మల్ని దాని మీదే ఉంచారు. కిరసనాయిలు పొయ్యి మీద మంచు కరిగిస్తే తప్ప గొంతు తడుపుకోవడానికి చుక్క లేదు. చుట్టూ కనుచూపు మేర నీళ్ళే, అన్నీ రాళ్ళంత గట్టివి. నీళ్ళ కోసం కష్టపడే యోగం అనంతపురంవాడికి అక్కడ కూడా తప్పలేదు.

అంత చలిలో మొదట పోయేవి కాలివేళ్ళు. పోతున్నట్టు వాటి యజమానికి కూడా తెలియదు. అందుకని పైన ఒక కట్టుబాటు ఉండేది. రోజూ సాయంత్రం ఒకడు తన కాళ్ళు జోడీదారు ఒళ్ళో పెట్టాలి. అతను సాక్సులు విప్పి, ఒక్కొక్క వేలు నొక్కి వదలాలి. నొక్కినచోట తెల్లబడి మళ్ళీ ఎర్రదనం వస్తే ఆ వేలు బతికున్నట్టు. నొక్కిన వేలి లెక్క కాళ్ళు చాపినవాడు పైకి చెప్పాలి, ఒకటి నుంచి పది దాకా. తర్వాత తడిసిన సాక్సుల్ని జోడీదారు తన చొక్కా కింద పొట్టకు ఆనించుకుని ఆరబెట్టాలి. అంతా అయ్యాక హవల్దారు అడుగుతాడు. "దస్ కా దస్, సాబ్" అని జవాబు చెప్పాలి. పదికి పదీ ఉన్నాయని. చదువుకునే రోజుల్లో పదికి పది ఎప్పుడూ రాని నాకు అక్కడ రోజూ వచ్చేవి.

ఆ రోజు నా జోడీదారు కింది పోస్టుకు పోయి కిరసనాయిలు డబ్బాలు మోసుకొచ్చాడు. కాళ్ళు చూసుకునే వేళకు ఎదురుగా కూర్చుని కోటు లోపలి నుంచి ఒక ఉత్తరం తీశాడు.

"మీ నాయన రాయించినాడు. చదువుకోపో."

ఎప్పుడో అక్టోబరులో రాయించిన ఉత్తరం. నాయనకు రాయడం రాదు, చెప్పడమూ తక్కువే. నాలుగు వాక్యాలున్నాయి. వాన పడింది. చేను బాగా పదునైంది. పప్పుశనగ వేసినాము. నువ్వు బాగుండాలి. నేను చివరి వాక్యం దాకా పోకుండా మొదటి మూడింటి దగ్గరే తిరుగుతూ ఉండిపోయాను. అంతకు ముందు రెండేళ్ళు మా చేలో విత్తనం పడలేదు. ఈలోగా అతని పాదాలు నా ఒళ్ళోకి వచ్చాయి. సాక్సుల మీదనుంచే తడిమాను. అతను ఒకటి నుంచి పది దాకా చెప్పాడు. నా చేతుల్లో అతని వేళ్ళున్నాయి, కళ్ళలో పప్పుశనగ చేను ఉంది. హవల్దారు అడిగితే "దస్ కా దస్, సాబ్" అన్నాను.

రాకుండా మోసం చేసే వాన మాకు అలవాటే. వచ్చి మోసం చేయడం అదే మొదలు.

రెండు రోజులకు అతని ఎడమకాలి చివరి వేళ్ళు రెండూ నల్లబడ్డాయి. స్ట్రెచరు మీద కట్టి కిందికి దించారు. ఆ పూట కాపలా నాది కాకపోయినా అడిగి వేయించుకున్నాను. అతని ముఖం చూడటం కంటే శత్రువు వైపు చూడటం తేలికనిపించింది. ఆసుపత్రిలో ఆ రెండు వేళ్ళూ తీసేశారని, అతన్ని అటునుంచి అటే ఇంటికి పంపించారని తర్వాత తెలిసింది.

ఇది జరిగి పాతికేళ్ళు దాటింది. నేనూ ఇంటికొచ్చాను. విడపనకల్లు నుంచి యాడికి పోవాలంటే రెండు బస్సులు మారితే చాలు. గుంతకల్లులో ఒకటి, గుత్తిలో ఒకటి. ఒకసారి బయల్దేరాను కూడా. గుత్తి బస్టాండులో బస్సెక్కి కూర్చున్నాను. కండక్టరు వచ్చి "యాడికి?" అన్నాడు. నేను చెప్పవలసిన జవాబూ అదే మాట. దిగిపోయి, ఎండలో గుత్తి కోట ఎక్కి చూసి ఇంటికొచ్చాను. కోట బాగుందని నా భార్యకు చెప్పాను. ఆమె నమ్మినట్టు కనిపించింది.

ఆమెకు నా అలవాటు తెలుసు. రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని నా కాలివేళ్ళు నేనే నొక్కి చూసుకునేవాణ్ణి. మే నెలలో, మా ఊళ్ళో, గచ్చు మీద కాలు పెడితే బొబ్బలెక్కే వేళ, చలికి వేళ్ళు పోతాయేమోనని చూసుకునే మనిషిని ఆమె చాలాకాలం వింతగా చూసింది. ఒకరోజు వచ్చి పక్కన కూర్చుని తన కాళ్ళు చాపింది. "నావీ చూడు, ఉండాయో లేవో," అంది. ఆ తర్వాత అది మా ఇద్దరి అలవాటైంది. ఆమె పోయి ఆరేళ్ళు. మళ్ళీ లెక్క పదికే వచ్చి ఆగింది.

ఇప్పుడు గాలిమరల దగ్గర కాపలా ఉద్యోగం చేస్తున్నాను. నల్లరేగడి చేల మధ్య గేటు, గేటు పక్కన ఒక రేకుల గది, గదిలో నేను. గాలి తప్ప ఎవరూ రారు. ఆ గాలిని కూడా పైన మరలే పట్టేసుకుంటాయి.

మొన్న వేసవిలో మా పాత హవల్దారు ఫోన్ చేశాడు. కర్నూలు వైపు మనిషి.

"మన పటాలంలో పనిచేసిన సీమవాళ్ళంతా గుంతకల్లులో కలుస్తాండారు. నువ్వు రావల్ల."

"చూస్తాను సాబ్."

"చూసేదేముందిరా. నీ జోడీ గూడ వస్తాండాడు."

ఫోన్ పెట్టాక చాలాసేపు గేటు మూసి ఉందో లేదో చూస్తూ ఉండిపోయాను. తర్వాత నోటుబుక్కు తీసి అతనికి చెప్పవలసింది రాసుకున్నాను. పది వాక్యాలు వచ్చాయి. వారం రోజులు గాలిమర ముందు నిలబడి అప్పజెప్పుకున్నాను. దానికి మూడు చేతులున్నా ఒక్కసారీ చప్పట్లు కొట్టలేదు.

కల్యాణ మండపంలో నలభై మంది దాకా ఉన్నారు. అందరూ భార్యలతో, మనవలతో వచ్చారు. చొక్కాకు తగిలించుకొమ్మని ఒక చీటీ ఇస్తే పేరు రాసుకున్నాను. వచ్చినవాళ్ళు చీటీ చదివి, "ఓ, నువ్వా అన్నా" అని, ముఖం దాకా రాకుండానే వెళ్ళిపోయారు. ఎవరో తన ఫోన్ ఇచ్చి ఫొటో తీయమన్నారు. చేయి వణకదని పేరొచ్చింది. అందరి ఫొటోలూ నేనే తీశాను. అందువల్ల ఏ ఫొటోలోనూ నేను లేను. తర్వాత కూలరు పక్కన కుర్చీ చూసుకుని కూర్చున్నాను. కూలరు చేసే మోత వల్ల ఎవరూ పలకరించకపోవడానికి ఒక కారణం దొరికింది.

పదకొండు దాటాక అతను వచ్చాడు. భార్య, కూతురు, అల్లుడు, మనవరాలు. ఒక వరుస కుర్చీలన్నీ నిండిపోయాయి. నడకలో ఎడమవైపు చిన్న ఒరుగు ఉంది. అది నేను పెట్టిన ఒరుగే అనుకుంటూ చూశాను. అతను చీటీ చదవలేదు. తిన్నగా వచ్చి ముందు నిలబడ్డాడు.

"ఏమప్పా, బతికే ఉండావా?"

"ఉండా."

"రెండు బస్సులు మారే దూరంలో ఉండి ఒక్క పొద్దన్నా రాలేదు గదప్పా నువ్వు."

లేచి నిలబడ్డాను. "ఆ పొద్దు నేను నీ సాక్సు విప్పలే," అన్నాను. రాసుకున్నదాంట్లో అది ఏడో వాక్యం. ముందున్న ఆరూ ఎటు పోయాయో తెలియదు.

"తెలుసు గదప్పా. కాళ్ళు నావే గదా."

"నీ వేళ్ళు పోయింది నా వల్లనే."

అతను నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. "నీ వల్ల యాడ పోయినాయి? అంతకు ముందు రెండు దినాల నుంచే మొద్దుబారినాయి. చెప్తే దింపి ఆసుపత్రిలో పడేస్తారు. వారంలో నా లీవు. ఇదో, ఈ పాప పుట్టి మూడు నెలలు, నేను మొగం గూడ చూడలే." కుర్చీల వరుసలో కూర్చున్న కూతురి వైపు చేయి చూపించాడు. ఆ పాపకు ఇప్పుడు పాతికేళ్ళు దాటాయి. "లీవు పోతాదని ఎవరికీ చెప్పలే."

"నేను విప్పి చూసింటే తెలిసిపోవును గదా."

"అందుకే గదా, పొద్దున చేతికొచ్చిన ఉత్తరం నీకు సాయంత్రం ఇచ్చింది."

కూలరు మోతలో సరిగ్గా విన్నానా అని అతని ముఖం చూశాను. నవ్వుతున్నాడు.

"మీ నాయన వాన గురించి రాసింటాడని తెలుసు. మన పక్క ఉత్తరాల్లో ఇంకేముంటాది? పడినా రాస్తాడు, పడకపోయినా రాస్తాడు. ఏది రాసినా నువ్వు నాలుగుసార్లు చదువుతావు. ఆలోపల నా కాళ్ళు గట్టెక్కుతాయి అనుకున్నా. ఎక్కలే."

"ఒక్క జాబు రాసింటే ఏం పోయెనప్పా?"

"నాకు తట్టనేలేదు. నేను ఎప్పుడో మరిచిపోయినా. దాన్ని పట్టుకోని ఇన్నేళ్ళుండావా నువ్వు?"

అతని మాటలో ఎత్తిపొడుపు లేదు. అదే ఇబ్బందైంది. నన్ను తిట్టుకుంటూ బతికుంటాడని ఇన్నేళ్ళూ అనుకున్నాను. తిట్టుకోవడానికైనా ఒకరికి నేను గుర్తున్నానని ధైర్యంగా ఉండేది. నా భార్య పోయాక ఇంట్లో నాతో మిగిలింది ఆ తప్పొక్కటే. సాయంత్రాలు దానితోనే గడిచేవి. తీరా అది కూడా నాది కాదట. పక్కింటివాడి గొర్రెను పాతికేళ్ళు మేపినవాడిలా కూర్చున్నాను.

అతను అప్పటికే వంటల వైపు చూస్తున్నాడు. "ఓళిగలు చేయించినారంట. లేయప్పా, అయిపోతాయి."

"కాళ్ళు పెట్టు," అన్నాను.

"ఏంది?"

"కాళ్ళు నా ఒళ్ళో పెట్టు."

"ఈడనా? ఇంతమందిలోనా?"

"ఈడనే."

నా ముఖంలో ఏం కనిపించిందో, బూట్లు విప్పి కాళ్ళు చాపాడు. సాక్సులు లాగాను. ముందు కుడికాలు. నొక్కి వదిలాను. "ఒకటి," అన్నాడు. కుర్చీలు జరిపిన చప్పుడైంది, నలుగురు చుట్టూ చేరారు. అతని కూతురు నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. అయిదు అయ్యాక ఎడమకాలికి వచ్చాను. ఆరు, ఏడు, ఎనిమిది. ఆ తర్వాత నా బొటనవేలికి నొక్కడానికి చోటు దొరకలేదు. నున్నటి చర్మం ఉంది. అతను కూడా ఆగిపోయాడు.

హవల్దారు గుంపులోంచి ముందుకొచ్చాడు. ముసలివాడైపోయాడు, చేతికర్ర ఉంది. సంగతి చూసి నడుము నిటారుగా పెట్టాడు.

"దస్ కా దస్?"

"కాదు సాబ్. దస్ మే ఆఠ్."

పదిలో ఎనిమిదని ఒక రిపోర్టు సరిగ్గా ఇవ్వడానికి నాకు పాతికేళ్ళు పట్టింది. హవల్దారు తల ఊపి, "బాగా ఆలస్యంగా చెప్పినావురా," అని భోజనాల వైపు నడిచాడు. అందరూ అతని వెంట పోయారు. నా జోడీదారు కాళ్ళు దించి, ఉత్త పాదాలు బూట్లలో దూర్చి, ఓళిగల కోసం పరుగులాంటి నడక నడిచాడు.

అతని కుడి సాక్సు కుర్చీ మీద పెట్టాను. ఎడమది పాత అలవాటుగా నా చొక్కా కిందికి పోయింది. అక్కడ అది ఉందని నాకు ఆ క్షణమే తెలుసు. అబద్ధం చెప్పను.

తిని వచ్చాక అతను కుర్చీల కింద వంగి వెతికాడు. నేనూ వంగి వెతికాను. ఒక కాలికి సాక్సుతో, ఒక కాలికి లేకుండా బస్సెక్కాడు.

మూడోనాడు ఫోన్ వచ్చింది.

"నా ఎడమకాలి సాక్సు నీకాడ ఉండాదా?"

"ఉండాది."

"ఇంత వయసొచ్చినా బుద్ధి రాలే గదప్పా. ఒక్క సాక్సు ఏం చేసుకుంటావు?"

"ఆరబెట్టినా."

"పోస్టులో పంపు."

"పంపను. వచ్చి తీసుకపో. గుత్తిలో ఒకటి, గుంతకల్లులో ఒకటి. రెండే బస్సులు మారేది."

"ఒక్క సాక్సు కోసం అంత దూరం ఎవరొస్తారప్పా," అని నవ్వి పెట్టేశాడు.

ఆ మాట నిజమే. కొత్త జత కొనుక్కునే ఉంటాడు. ఇంకా రాలేదు. రేకుల గదిలో దండెం మీద సాక్సు ఆరి చాలా రోజులైంది. పుస్తకాల్లో దీన్ని మేజోడు అంటారు, జోడు యాడికిలో ఉన్నప్పుడు ఏమంటారో తెలియదు. నిన్న మళ్ళీ ఫోన్ చేసి, మనవరాలు నవ్వుతోందని, పంపమని అడిగాడు. గాలి ఎక్కువగా ఉంది, ఏమీ వినపడలేదని చెప్పాను.