ఇచ్చినంత తూకం

బాటనీలో డిగ్రీ చేసినందుకు నాకు గుండెజబ్బుల పరిశోధనలో ఉద్యోగం దొరికింది. ఎలా అని అడిగేవాళ్లకు ఇప్పటికీ సరైన సమాధానం లేదు. గుండె బలహీనపడినవాళ్లకు ఇంటి దగ్గరే తోడుగా ఉంటే ఆసుపత్రి పాలవడం తగ్గుతుందా అన్నది మా ప్రశ్న. ఈ పరిశోధన నడిపే డాక్టరమ్మ హిందూపురంలో, మా ఒంటిగది ఆఫీసు పెనుకొండలో, నా వంతు రోగులు ధర్మవరంలో.

ఒక్కొక్కరికి ఒక బరువు మిషను, ఒక నోటుబుక్కు ఇచ్చాం. పొద్దున్నే ఏమీ తినకముందు మిషనెక్కి అంకె రాసుకోవాలి. గుండె సరిగ్గా పనిచేయకపోతే ఒంట్లో నీరు చేరుతుంది. ఆయాసం రాకముందే ఆ సంగతి బరువు చెప్పేస్తుంది. రెండు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే మాకు ఫోను చేయాలి.

నా రోగుల్లో ఒకాయన పట్టుచీరలు నేస్తాడు. ఆయన బుక్కులో ఒక్క కొట్టివేత లేదు. మూడు వారాలు, రోజూ యాభై ఎనిమిది. ఆ పేజీల ఫొటోలు డాక్టరమ్మకు నేనే నేసిన చీరలా చూపించాను.

"బాగుంది. మనిషి బతికే ఉన్నాడా?" అన్నారామె.

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"రోజూ ఒకే బరువుండేవి తూకపురాళ్లు. పోయి చూడండి."

మధ్యాహ్నం రైలుకే ధర్మవరం పోయాను. ఆయన ఎప్పటిలాగే మగ్గం గుంతలోకి కాళ్లు దించి కూర్చున్నాడు. వారం వారం వచ్చి నేను చూసింది బుక్కునే. కాళ్లు గుంతలో ఉండేవి.

"అన్నా, ఒకసారి మిషనెక్కు."

"పొద్దున ఎక్కినా కదప్పా."

"సారు అంత దూరం నుంచి వచ్చినాడు, ఎక్కితే అరిగిపోతావా?" అంది ఆయన భార్య.

ఎక్కాడు. అరవై రెండు. పాదం మీద నా బొటనవేలు నొక్కిన చోట గుంట పడి అలాగే ఉండిపోయింది. మాట్లాడుతుంటే ఎగశ్వాస.

"మరి యాభై ఎనిమిదని రాసినావే?"

"మొదటి దినం నువ్వే కదప్పా ఎర్రింకుతో పైన యాభై ఎనిమిదని రాసిచ్చింది? ఇచ్చినంత తూకం చూపించాల్నా, వద్దా? షావుకారు పట్టు తూచి ఇస్తాడు, చీర తూచి తీసుకుంటాడు. ఇన్నేండ్లలో నాకు తేడా రాలేదు."

అంత నిజాయితీగా అబద్ధం రాసినవాణ్ని నేను చూడలేదు. ఎర్రింకు ఆలోచన మాత్రం నాదే.

"చీర ఎక్కువ తూగితే షావుకారు ఏమంటాడన్నా?"

"పట్టు కాజేసి తడి పట్టించినావంటాడు..." అని ఆగిపోయాడు. కాళ్లకేసి చూసుకున్నాడు. "అంటే, ఇదంతా నీళ్లేనా?"

"చీర తడి చేత్తో పట్టుకుంటేనే కనిపెడతాడు. సొంత కాళ్లు మాత్రం కనపళ్లేదు!" అంటూనే ఆమె సంచీ సర్దేసింది.

డాక్టరమ్మకు ఫోను చేశాను. వెంటనే తీసుకురమ్మన్నారు. తర్వాతి రైల్లో ఆయన ఆయాసపడుతూనే నా చొక్కా బట్ట నాణ్యత గురించి తన అభిప్రాయం చెప్పాడు. అది మెప్పు కాదు. ఆసుపత్రిలో ఆరు రోజులుండి, నాలుగు కిలోల నీరు దింపుకుని, నడిచి ఇంటికి పోయాడు.

ఆ నెల పెనుకొండలో రోగులందరినీ కూర్చోబెట్టినప్పుడు నా మూడు పేజీల ఉపన్యాసం పక్కన పెట్టి ఆయన్ను మాట్లాడమన్నాను.

"తూకం పెరిగితే దొంగతనం కాదప్పా, తడి. దాచిపెట్టొద్దండి, ఫోను చేయండి," అని చెప్పి కూర్చున్నాడు. మా కరపత్రంలో ఇప్పుడు ఆ ముక్కే ఉంది. డిగ్రీ చదివినవాడు రాసినదేదీ మిగల్లేదు.

ఆయన బుక్కు ఇప్పుడు గలీజుగా ఉంటుంది. యాభై ఎనిమిదిన్నర, యాభై తొమ్మిది, కొట్టివేత, మళ్లీ యాభై ఎనిమిది. ఆ పేజీలు హిందూపురం తీసుకుపోయి చూపించాను, ఈసారి కాస్త ఎక్కువ గర్వంగానే.

డాక్టరమ్మ చివరిదాకా చూసి, "బతికే ఉన్నాడు," అన్నారు.