సర్కారు లెక్కల మా సువర్ణ చిన్నమ్మ

మా చిన్నప్పుడు... ఆరోగ్య సర్వే జీపు క్యాంపస్ గేటు దాటి మా క్వార్టర్ల లైన్ల ఆగిన రోజు, లైనంత పెండ్లిల్లు లెక్కయింది. బరువు తూచే మిషిను, ఎత్తు కొలిచే చెక్క, సూదుల డబ్బా... అన్నీ మా అరుగు మీదనే దించిన్రు.

మా నాయిన యూనివర్సిటీ ఆఫీసుల టెంపరరీ అటెండరు. తార్నాక దిక్కు ప్రహరీగోడకు ఆనుకొని మాయి చిన్న చిన్న క్వార్టర్లు. ముందురోజే ఒక సారొచ్చి ఎవరింట్ల ఎవరెవరుంటరో రాసుకపోయిండు. నాయిన పెద్ద పటేలు లెక్క అందరి పేర్లు చెప్పిండు... మాతోనే ఉంటున్న అమ్మ చెల్లె, సువర్ణ చిన్నమ్మ పేరుతో సహా.

గాడనే కొంప మునిగింది.

తెల్లారేసరికి లైనంత ఒకటే గుసగుస... "రోగమున్నోళ్ళ పేర్లు ఆఫీసుకు పోతయట. క్వార్టర్ ఖాళీ చేపిస్తరట." ఎవరు పుట్టిచ్చిన్రో తెల్వదు. సర్వేవాళ్ళనే అడిగితె అయిపోతుండె. అడుగుతె మనం మనమెట్లయితం?

ఇగ చూడాలె మా ఆడోళ్ళ తెలివి. ఉప్పు మీద మందు చుక్కేసి అయోడిన్ ఉన్న మంచి ఉప్పో కాదో చూస్తరని తెలిసింది. అందరిండ్లల్ల కుండల దొడ్డుప్పే. ప్యాకెట్ ఉప్పు పక్కింటి కమలక్క దగ్గర్నే ఉండె, ఆమె ఇల్లేమో సర్వేల పడలె. గా ఒక్క ప్యాకెట్ ఉప్పే గిన్నెలల్ల పోసుకొని వెనకగోడ మీదికెల్లి ఇంటింటికి తిరిగింది. చుక్కెయ్యంగనే ప్రతి ఇంట్ల నీలం రంగు!

"మీ లైను చాలా బాగుందండీ, అందరూ మంచి ఉప్పే వాడుతున్నారు" అని సర్వే మేడం మురిసిపోయింది. ఆమెది కోస్తా దిక్కు... పాపం, నమ్మింది.

నేను తక్కువ తిన్ననా? లాగు జేబులల్ల కంకరరాళ్ళు నింపుకొని తూకమెక్కిన.

"బాబూ, నీ జేబులు మంచి బలంగా ఉన్నాయి. వాటిని కింద పెట్టి ఎక్కు" అన్నది మేడం. లైనంత ఒకటే నవ్వు.

నవ్వనిది చిన్నమ్మ ఒక్కతే.

చిన్నమ్మ ముఖం సున్నమేసిన గోడ లెక్కుండె. బిందె ఎత్తితె ఆయాసం, రెండు మెట్లెక్కితె కండ్లు తిరుగుడు. నా బలపాలు రోజూ మాయమైతుండె... ఎలుకలనుకుంటుంటి. చిన్నమ్మనే చాటుంగ నములుతుండె. ఒంట్ల రక్తం లేనోళ్ళకు గట్ల తినబుద్ధయితదని మాకెవ్వరికెరుక?

ఆడోళ్ళ వేలు పొడిచి రక్తం చూసే వంతొచ్చింది. అమ్మ చిన్నమ్మను వంటింట్లకు తోలి తలుపు దగ్గరికేసింది. కమలక్కకు చిన్నమ్మ చీర కట్టి అరుగు మీద కూసోబెట్టింది. కమలక్క హాస్టల్ మెస్సుల రొట్టెలు చేసేది... చేతులు చూస్తె పహిల్వానే.

"సువర్ణ మీరేనా అండీ?"

"నేనే గదమ్మా! పుట్టినప్పటిసంది నేనే."

మిషినుల చుక్కేసి చూసిన మేడం కండ్లు పెద్దగైనయి. "రక్తం బ్రహ్మాండంగా ఉందే! ఏం తింటారండీ?"

"మా అక్క తిట్లు తింట" అన్నది కమలక్క. మళ్ళ నవ్వులు...

డబ్బా సర్దుకుంట మేడం అమ్మ దిక్కు చూసి ఒక మాటన్నది. "మీకు తెలిసినవాళ్ళలో రక్తం తక్కువైనవాళ్ళుంటే చెప్పండమ్మా. ఈ జీపులోనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి డాక్టరుకు చూపిస్తాం. పేర్లు ఎవరికీ చెప్పం."

వంటింటి తలుపు కొంచెం తెరుసుకున్నది. సందుల చిన్నమ్మ చెయ్యి...

"అక్కా, నన్ను తీస్కపోనీయే."

అమ్మ ఉరికొచ్చి తలుపు పట్టుకున్నది. "సప్పుడు జెయ్యకు! ఇప్పుడు బయటికొస్తె అందరం దొంగలమైతం. మీ బావ నౌకరి పోతది."

చెయ్యి లోపలికి పోయింది. జీపు అడిక్‌మెట్ దిక్కు పోయింది.

అమ్మ ఊకెనే కూసోలె. మౌలాలి గుట్ట మీద దర్గల తాయెత్తు కట్టిచ్చింది, దిష్టి తీసింది. ఆఖరికి దవాఖానకు ఎత్తుకపోయినప్పుడు డాక్టరు అరిచిండు... "ఇన్నాళ్ళు ఏం చేసిన్రు?"



గా వానాకాలం దాటలేదు చిన్నమ్మ. గంత చేసినా నాయిన నౌకరి ఎన్నడు పర్మినెంటు గాలె. సర్కారు లెక్కల మాత్రం మా సువర్ణ చిన్నమ్మ మస్తు మంచిగున్నది.

మొన్న తార్నాకల మా ఫ్లాటుకు సర్వే పిల్ల వచ్చింది, చేతిల ట్యాబు. "అంకుల్, ఇంట్లో ఎవరికైనా షుగర్, బీపీ ఉన్నాయా?"

పొద్దుగాలనే అపార్ట్‌మెంట్ గ్రూపుల మెసేజొచ్చింది... రోగాలు చెప్తె ఇన్సూరెన్సోళ్ళకు తెలుస్తదట. నా కాలి బొటనవేలికి నెలల సంది మానని పుండు. నోరు తెరిచిన... లోపల మంచం మీదనుంచి అమ్మ గొంతు.

"మా ఇంట్ల అందరు మంచిగున్నరు బిడ్డా!"

ఆ పిల్ల నా ముఖం చూసింది. నేను తలకాయ ఊపిన.

ఇప్పుడు మెట్రో కింద అడుగుకొక ల్యాబు... ఫోన్ చేస్తె ఇంటికే వచ్చి రక్తం తీస్కపోతరు. అన్నీ వచ్చినయి. అప్పుడు తలుపు సందులకెల్లి చిన్నమ్మ ఒక్కతైనా "నన్ను తీస్కపోనీయే" అన్నది... ఇప్పుడు గా మాట అనేటోళ్ళు సుత లేరు.

మీ ఇండ్లల్ల సర్వేవాళ్ళు వస్తె ఎవర్ని దాచిన్రు? కింద రాయున్రి... ఒట్టి పేరైనా సరే.