గూట్లో ఫోన్‌తో మా అవ్వ

నిన్న ఈ కాగితం మీద మొదలుపెట్టిన వాక్యం పూర్తి చేయలేకపోయాను. ఇవాళ రాసేస్తాను. మా అవ్వ, అంటే బాపు వాళ్లమ్మ, చనిపోయింది. నల్లగొండ దవాఖాన నుంచి బాపు ఫోన్ చేసి, "అవ్వ పోయింది బిడ్డా" అని ఒక్క మాట చెప్పి పెట్టేశాడు.

షుగరుతో అవ్వకు చూపు తగ్గిపోయింది. సాయంత్రమైతే స్విచ్ కోసం గోడంతా తడుముకునేది. ఒకరోజు గడప తట్టుకుని పడింది. అప్పుడు అమ్మ మూలన పడేసిన, అద్దం పగిలిన ఫోన్ తీసి, మాట చెబితే పని చేసేలా పెట్టడం వీడియోలు చూసి నేర్చుకుని, అవ్వ గదిలో గూట్లో పెట్టాను. మాటతో వెలిగే బల్బు బాపు నార్కట్‌పల్లిలో కొనుక్కొచ్చాడు. వీడియోలన్నీ ఇంగ్లీషే, నాకు తేలిగ్గానే వచ్చింది. అవ్వకు చెప్పడమే కష్టమైంది.

"లైటు ఆర్పు అను అవ్వా, ఆరిపోతది."

"నోరు మంచిగ రానీ పిల్లా! దీపాన్ని ఆర్పుమంటరా ఎవలన్న? కొండెక్కుమనాలె."

ఆ మాటనే ఫోన్‌లో పెట్టాను. అవ్వ ఊరుకుంటుందా? ఒకరోజు "కొండెక్కు బిడ్డా" అంటుంది, ఇంకో రోజు "ఇగ అలసిపోయినవ్, జర కొండెక్కరాదు" అంటుంది. ఫోన్ ఏమో "క్షమించండి, అర్థం కాలేదు" అనేది.

"నీది గూడ ఇంగిలీషు మీడియమేనా, మా మనుమరాలి లెక్క?" అని అవ్వ నవ్వేది. మళ్లీ మెల్లగా చెప్పేది. నేను విసుక్కుంటే, "ఇనకపోతే మళ్లొకపారి చెప్పాలె గని కసురుకుంటమా?" అనేది. నాకు లెక్కలు రాక అమ్మ అరిచినప్పుడు అమ్మకూ అదే మాట చెప్పింది. మీ ఇంట్లో మీ తరఫున అలా మాట్లాడే మనిషి ఉంటే మీకే తెలుస్తుంది, ఆ గొంతు లేకపోతే ఇల్లు ఎలా ఉంటుందో.

పొద్దున లేవగానే అవ్వ ఫోన్‌ను అడిగేది ఒకటే. "మా బిడ్డ ఊర్ల వాన పడతాందా?" బిడ్డంటే మా అత్త. వాళ్లది హుజూర్‌నగర్ దగ్గర పల్లె. కల్లంలో వడ్లు ఆరబోసి ఉంటాయని అవ్వకు ఫికర్. వాన లేదని ఫోన్ చెబితే, "సల్లగుండు తల్లీ" అని దానికే దీవెన పెట్టేది.

ఇప్పుడు దినాలు కాకముందే అవ్వ వాడినవన్నీ ఇంట్లోంచి తీసేస్తున్నారు. మా దగ్గర అంతే. అత్తే దగ్గరుండి తీయిస్తోంది.

"మంచం పాయె, దుప్పటి పాయె. గా ఫోనేది? పోయినోళ్లు వాడింది ఇంట్ల ఉండొద్దు. పాత ఫోన్లు కొనేటోనికి ఇచ్చేద్దాం."

"పొద్దుగాల దాంక గూట్లనే ఉండె వదినా" అంది అమ్మ. నేను తల ఎత్తలేదు.

అది నా స్కూల్ బ్యాగులో ఉంది. అవ్వ అడిగిన ప్రతి మాటా ఆ ఫోన్‌లో ఆమె గొంతుతోనే ఉండిపోయింది. కొనేవాడు ముందు చేసే పని అన్నీ చెరిపేయడమే. అత్తకు చెబుదామంటే భయం. పోయిన మనిషి గొంతు ఇంట్లో వినిపిస్తోందంటే ఇప్పుడే బయట పారేయిస్తుందేమో. చెవికి ఆనించుకుని ఇందాక ఒక్కటి విన్నాను. వాన గురించే. తర్వాత బ్యాటరీ గుర్తు ఎర్రబడింది, ఇంకొకటి వినే ధైర్యం చాల—

తలుపు కొడుతున్నారు.

"బిడ్డా." బాపు.

బ్యాగు ఒళ్లోకి లాక్కున్నాను.

"అత్త తానానికి పోయింది. జర కిందికి చూడు."

తలుపు సందులోంచి తెల్ల వైరు కొస ఒకటి పాకుతూ లోపలికి వస్తోంది.

"ఛార్జింగు పెట్టుకో. సప్పుడు చెయ్యకు."

కాగితాలు పరుపు కిందికి తోసేస్తున్నాను. వైరంతా వచ్చింది కానీ ఛార్జర్ లావుగా ఉంది, సందులో పట్టడం లేదు. అవతల బాపు ఇంకా తోస్తూనే ఉన్నాడు.