రెండోసారి అడగని మాట

మా ఇంట్లో ఎవరైనా ఏదైనా కావాలా అని అడిగితే మొదటిసారి వద్దనాలి. అది మా అమ్మ పెట్టిన మర్యాద. నాన్న ఉద్యోగం కోసం గుంటూరు వైపు నుంచి వచ్చి నాంపల్లిలో స్థిరపడినా, ఆ మర్యాద మాత్రం సామానుతో పాటు మా వెంటే వచ్చింది. కాఫీ తాగుతారా అంటే, "అయ్యో వద్దండీ, ఇప్పుడే తాగి వచ్చాం" అనాలి. అవతలివాళ్ళు రెండోసారి అడగాలి. అప్పుడు కొంచెం నసగాలి. మూడోసారి గ్లాసు చేతిలో పెట్టేస్తారు, తాగాలి. ఈ వరస తెలియని వాళ్ళింటికి వెళ్ళి మేము ఎన్నిసార్లు గొంతెండి తిరిగొచ్చామో లెక్కే లేదు.

మా అక్క ఈ విషయంలో అమ్మను మించిపోయింది. నాకంటే ఆరేళ్ళు పెద్దది. బషీర్‌బాగ్‌లో ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరి అక్కడే రిటైరైంది. పెళ్ళి మాట వచ్చినప్పుడు "నాకెందుకులే" అంది. రెండోసారి గట్టిగా అడగాలని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. ఇప్పుడు మా మేడ మీద గదిలో ఉంటుంది.

నా చిన్నప్పుడు అక్క నన్ను ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల దగ్గరికి తీసుకెళ్ళేది. రష్యా నుంచి వచ్చిన రంగుల పత్రికలు అక్కడ దొరికేవి. కాగితం భలే నున్నగా ఉండేది. మేమంతా నోటు పుస్తకాలకు అట్టలు వేసుకోవడానికి వాటికోసం కొట్టుకునేవాళ్ళం, అక్క మాత్రం దాచుకునేది. పుస్తకాలాయన కూడా కొత్తవి వస్తే అక్క కోసం పక్కన పెట్టేవాడు. అలా ఒక పత్రిక మధ్య పేజీలో బ్యాలే ఆడే అమ్మాయి ఫోటో వచ్చింది. నల్లటి స్టేజి, మధ్యలో తెల్లబట్టల్లో ఒక్కతే, ఒంటికాలి వేళ్ళ మీద నిలబడి ఉంది. ఆ కాగితం ఇప్పటికీ అక్క బీరువా తలుపుకి లోపలి వైపు అంటించి ఉంది.

రెండేళ్ళ కిందట అక్క కళ్ళకి నీటికాసులని తేలింది. పక్క చూపు అప్పటికే పోయింది. ఎదురుగా ఉన్నది మాత్రం గొట్టంలోంచి చూసినట్టు కనపడుతుంది, అది కూడా ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమంది డాక్టరమ్మ. ఆస్పత్రి నుంచి ఆటోలో వస్తూ అక్క ఉన్నట్టుండి, "ఒక్కసారి బ్యాలే చూడాలిరా" అంది. "మధ్యలో ఒక్కతే ఉంటుందిగా. నాకు ఈ చూపు సరిపోతుంది."

ఎవరూ అడక్కుండా మా అక్క నోరు తెరిచి కావాలన్నది నాకు తెలిసి అదొక్కటే.

పబ్లిక్ గార్డెన్స్‌లో పొద్దున్నే నడిచే మా గుంపు రష్యా వెళ్దామని అనుకున్నప్పుడు నేను ఎగిరి గంతేశాను. నా భార్యకి చలి పడదు, రానంది. పన్నెండు మంది వాళ్ళు, మేమిద్దరం. ఆబిడ్స్‌లో ఒక చెప్పుల దుకాణం పైన ట్రావెల్స్ ఆఫీసు. అందరం ఇరుక్కుని కూర్చున్నాం. అన్ని ఊళ్ళూ, అన్ని హోటళ్ళూ తేలాక ఒక్క సాయంత్రం మిగిలింది. ఆ సాయంత్రం జానపద నృత్యాల షోకి వెళ్ళాలా, బ్యాలేకి వెళ్ళాలా అన్నాడు ట్రావెల్స్ ఆయన. బస్సు ఒక్కటే, గైడూ ఒక్కడే. అందరూ ఒకే చోటికి వెళ్ళాలి.

మా గుంపుకి పెద్దసారు ఒకాయన ఉన్నాడు. మొదట లేచింది ఆయనే.

"బ్యాలేల ఏమున్నదయ్యా? కాలి వేళ్ళ మీద నిలవడుడు, తిరుగుడు, గంతే. మాట లేదు, పాట లేదు. గీ జానపదం షో అయితే మన కోలాటం లెక్క ఉంటది. సప్పట్లు గొట్టొచ్చు. మనల్ని గూడ స్టేజి మీదికి పిలుస్తరంట! చేతులు లేపున్రి, ఎవరెవరికి కావాలె?"

చేతులు లేచాయి. నేను అక్క వైపు చూశాను. అక్కకు పక్కన లేచిన చేతులు కనపడవు. తను ఎదురు గోడ మీది పోస్టర్ని చూస్తోంది, బ్యాలే పోస్టరే అది. మాట్లాడాల్సిన మనిషిని నేను. రోజూ పొద్దున నడుస్తూ పలకరించే పన్నెండు మొహాలు నా వైపు తిరిగి ఉన్నాయి. మాట్లాడకపోగా, నా చెయ్యి కూడా సగం లేచింది. ఆ చెయ్యిని నరికెయ్యాలి!

"అమ్మా, మీదేంది?" అని ట్రావెల్స్ ఆయన అక్కనడిగాడు.

"అయ్యో, నాకేముందండీ, ఏదైనా పర్లేదు" అంది అక్క నవ్వుతూ.

అది మొదటి వద్దు. ఆ గదిలో ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. రెండోసారి అడగాల్సిందీ నేనే. "ఖతం, అందరు జానపదమే" అని ఆయన కాగితం మీద రాసుకున్నాడు. నేను మెట్లు దిగుతూ అక్క చెయ్యి పట్టుకుని, "జాగ్రత్త, ఇక్కడ మెట్టు ఎత్తుగా ఉంది" అన్నాను. అదొక్కటే అనగలిగాను.

రెండు రోజుల తర్వాత ట్రావెల్స్ ఆయనే ఫోన్ చేశాడు. ఫోన్ బయటికి కూడా వినపడే గొంతు ఆయనది.

"సార్, మీ అక్కగారు గా బ్యాలే పోస్టర్ దిక్కే చూస్కుంట కూసున్నరు. నాకెందుకో మనసున వట్టలే. మీ ఇద్దరికి వేరేగ టికెట్లు తీస్త, ఫికర్ జేయకున్రి. గానీ గైడ్ రాడు. మీరే మెట్రోల పోయి రావాలె."

నేను అడగని రెండోసారి ఆ పరాయి మనిషి అడిగాడు! అక్షరాలు చదవలేని ఊరు. సాయంత్రం పూట మెట్లు కనపడని అక్క. తప్పిపోతే ఎవర్ని అడగాలి, ఏ భాషలో అడగాలి? ఆ పైన పెద్దసారు ఏమనుకుంటాడు?

"వద్దులెండి, ఎందుకు మీకు శ్రమ" అన్నాను.

అన్నాక ఫోన్ చెవికి ఆనించుకునే నిలబడ్డాను. ఇంకోసారి అడుగుతాడని. మా ఇంట్లో అయితే అడుగుతారు.

"సరే సార్, మీ ఇష్టం" అని పెట్టేశాడాయన.

"ఎవర్రా ఫోన్?" అంది అక్క మెట్ల మీది నుంచి.

"ట్రావెల్స్ వాళ్ళక్కా. పాస్‌పోర్ట్ గురించి."

రష్యాలో ఆ సాయంత్రం రానే వచ్చింది. బస్సు పీటర్స్‌బర్గ్ వీధుల్లో పోతుంటే గైడు ఎడమ వైపు చెయ్యి చూపించి, ఇక్కడ బ్యాలే ఆడతారన్నాడు. అక్క తల అటు తిప్పేలోపు థియేటర్ వెనక్కి వెళ్ళిపోయింది. "స్తంభాలు కనపడ్డాయిరా, రెండు" అంది. బస్సాపండి అని అరవాలనిపించింది. అరిచి ఎక్కడ దిగుతాను?

షో మొదలైంది. స్టేజి నిండా మనుషులు, ఎర్ర పావడాలు, బూట్లు, అకార్డియన్లు. అందరూ గుండ్రంగా పరుగులు. చాలా గొప్పగా ఆడారు, వాళ్ళనేం అనలేను. కానీ అక్క చూపు ఒక మనిషి మీద ఆనేలోపు ఆ మనిషి అక్కడ ఉండడం లేదు. తల అటూ ఇటూ తిప్పుతోంది, జనంలో తప్పిపోయిన పిల్లని వెతుక్కుంటున్నట్టు.

"ఒక బూటు కనపడిందిరా" అంది. కాసేపటికి, "ఇప్పుడెవరూ లేరే?" అంది. అప్పుడు స్టేజి మీద ముప్ఫై మంది ఉన్నారు.

ఇంకాసేపటికి తల తిప్పడం మానేసి, కళ్ళు మూసుకుని, "నువ్వు చెప్పరా, వింటాను" అంది. నేను చెప్పడం మొదలుపెట్టాను. ఒకడు కూర్చుని కాళ్ళు విసురుతున్నాడక్కా. అమ్మాయిలు రుమాళ్ళు ఊపుతున్నారక్కా. పెద్దసారుని స్టేజి మీదికి లాగారు, ఆయన తీన్మార్ వేస్తున్నాడక్కా. హాలంతా చప్పట్లు. అక్క కూడా చప్పట్లు కొట్టింది, అందరికంటే ఒక క్షణం ఆలస్యంగా.

బయటికొచ్చాక "బాగుందిరా" అంది. నాకు ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా మొహమాటమే, చుట్టూ మా వాళ్ళున్నారు.

తిరిగొచ్చిన పదిహేను రోజులకి మళ్ళీ పరీక్ష చేయించాం. గొట్టం ఇంకా సన్నబడిందని డాక్టరమ్మ చెప్పింది.

ఆ ఆదివారం అక్క ఆబిడ్స్ వెళ్దామంది. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. పాత పుస్తకాలాయన ఇంకా అక్కడే, జుట్టంతా తెల్లబడిపోయి, గొడుగు కింద కూర్చుని ఉన్నాడు. మా ప్రయాణం సంగతీ, ఆ ఫోటో సంగతీ ఆయనకు ముందే తెలుసు, అక్కే చెప్పింది.

"అమ్మా, పోయొచ్చిన్రా? గా ఫోటోల పోరి ఆడే ఆట చూసిన్రా?"

నేను వంగి ఒక పాత పుస్తకం చేతిలోకి తీసుకున్నాను.

"చూశాను బాబూ" అంది అక్క. "స్టేజి మధ్యలో ఒక్కతే. తెల్లబట్టలు. ఒంటికాలి వేళ్ళ మీద నిలబడింది. ఎంతసేపో అట్లాగే నిలబడింది, కదల్లేదు. కళ్ళనిండా చూశాను."

"ఫోటోల లెక్కనే ఉన్నదా?"

"అచ్చం అలాగే. మా తమ్ముడే తీసుకెళ్ళాడు, మెట్రోలో. గైడు కూడా లేడు, మేమిద్దరమే."

మెట్రో మాట, గైడు మాట నేను అక్కకి ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు మెట్ల మీద నిలబడి అంతా వింది.

"మంచి పని చేసిన్రు సార్" అన్నాడు పుస్తకాలాయన నన్ను చూసి. మళ్ళీ అక్కతో, "ఇంకోసారి పోతరా అమ్మా?" అన్నాడు.

"వద్దులే బాబూ. నాకింక చాలు."

ఆయన నవ్వి పుస్తకాలు సర్దుకోవడంలో పడ్డాడు. రెండోసారి అడగాల్సింది నేనేనని నాకు తెలుసు. అక్క కూడా వెళ్దామనకుండా, నా చెయ్యి పట్టుకుని, కాసేపు అక్కడే నిలబడింది. నేను అడగలేదు. అడిగితే ఈసారి ఔనంటుందేమోనని భయం.