గాలిమరల కొండ మీద నాగమణితో ఒక రోజు

హాస్టల్ రోజుల నుంచీ నాగమణి నా స్నేహితురాలు. తర్వాత ఇద్దరం ఒకే బళ్లో టీచర్లమయ్యాం. 2002లో ఆమెకు పుట్టిన పాప నెల తిరక్కుండానే పోయింది. ఆ డిసెంబరులో ఒక సాయంత్రం, "ఇంట్లో కూచోలేకున్నానే. యాడికన్నా నడుచుకుంటా పోదామా?" అని అడిగింది. ఆమె భర్త మొదట వద్దన్నాడు. మర్నాడు తనే కొత్త కాన్వాస్ బూట్లు కొనుక్కొచ్చి ఇచ్చాడు. సెలవు పెట్టి గుత్తి నుంచి పుట్టపర్తికి నడక మొదలుపెట్టాం.

నాలుగో రోజు రామగిరి కొండ వరస. తెల్లవారగానే ఊళ్లో బొరుగుల ఉగ్గాణి, బజ్జీ తిన్నాం. ఇద్దరికీ కలిపి పది రూపాయలు కాలేదు. పైన చుక్క నీళ్లు దొరకవని హోటలాయన చెప్పి మా సీసాలన్నీ నింపించాడు. గాలిమరల కోసం వేసిన మట్టిదారిలో గంటన్నర ఎక్కితే శిఖరం వస్తుంది. అక్కడి నుంచి దారంతా కొండ వీపు మీదే. రెండు పక్కలా వేరుశనగ పీకేసిన ఎర్రటి చేలు, నీళ్లు లేని చెరువులు, తలపైన రెక్కల హోరు. ఆ హోరులో మాట వినపడేది కాదు. నాగమణి ముందు నడిచేది, నేను వెనక.

మధ్యాహ్నం ఒక బండ నీడన ఓబులమ్మ అనే గొర్రెలామె సద్ది విప్పుతూ కనిపించింది. ఆడవాళ్లిద్దరూ నడిచి పోవడమేమిటని ఆశ్చర్యపోయి, మా ఊరూ ఉద్యోగాలూ ఆరా తీసింది. తర్వాత అందరూ అడిగేదే నాగమణిని అడిగింది.

"పిల్లోళ్లు ఎంతమందిమ్మా?"

ఆ ప్రశ్నకు భయపడి నాగమణి పెళ్లిళ్లకు పోవడం మానేసింది. మాట మార్చబోయాను. నాగమణి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఒగ పాప పుట్టిందమ్మా. పోయింది."

ఓబులమ్మ కాసేపు గొర్రెల వైపు చూసింది. "నాకూ ఇద్దరు పోయినారు. పెద్దదానికి నడక గూడా వచ్చిండె," అంది. తర్వాత సంగటి ముద్దను మూడు భాగాలు చేసి, వేరుశనగల ఊరిబిండి పచ్చడి పెట్టి, "నీ బిడ్డకు పేరు పెట్టినారా?" అని అడిగింది.

"సుజాత," అంది నాగమణి.

ఆ పేరు నేను వినడం అదే మొదటిసారి. ఆమె తింటూనే ఏడ్చింది. ఏడుస్తూనే ఇంకో ముద్ద తిన్నది. ఓబులమ్మ ఓదార్చలేదు, నీళ్లు అందించింది.

పొద్దు వాలాక కొండ దిగాం. దిగేటప్పుడు నాగమణి నా పక్కనే నడుస్తూ, పాప కళ్లు ఎలా ఉండేవో, ఏ వేళకు లేచేదో దారి పొడవునా చెప్పింది. ఆ సాయంత్రం తలుచుకుంటే ఇప్పటికీ నా నడక నెమ్మదిస్తుంది. మీరు పోయేటట్లయితే చలికాలంలో పొండి. ధర్మవరం నుంచి ఆర్డినరీ బస్సులో రామగిరి చేరి, మనిషికి మూడు లీటర్ల నీళ్లు మోసుకుపొండి. తోడుగా మాత్రం, మౌనంగా నడవడం తెలిసిన మనిషిని తీసుకుపొండి.