మూలలు లేని టోపీ

ఇప్పుడు నేను క్రోషియా సూది పట్టి ఏది గుండ్రంగ అల్లినా, పైసా బిళ్ల లెక్క గుండ్రంగనే వస్తది. సూసినోళ్లు ఫోన్ల సూసి నేర్చుకున్నవా అంటరు. కాదు. కోదాడ మనిషి ఒకామె నేర్పింది. ఆమెకు సూది పట్టుడు గూడ రాదు. పొద్దున లేస్తే ఆమెకు మనసుల దండం పెట్టుకుంట.

మా ఇండ్లల్ల బిడ్డ పుట్టకముందు ఏదీ కొనిపెట్టరు, దిష్టి తగుల్తదని. పుట్టినంక గూడ పురుడు అయ్యేదాక కొత్త బట్ట తొడగరు. పాత చీర చింపి దాంట్లనే చుట్టి పెడ్తరు. అందుకే మా చెల్లె నెలలు నిండకముందే మిర్యాలగూడ దవాఖానల కన్నప్పుడు, పిల్ల తలకు పెట్టనీకి మాకాడ ఒక్క టోపీ లేదు.

సూర్యాపేటల బస్సెక్కి నేను పోయేసరికి పిల్లను అద్దాల పెట్టెల పెట్టిన్రు. దోసెడంత పిల్ల. నర్సు బయటికొచ్చి, "ఒంట్ల వేడి నిలుస్తలేదమ్మా, తల నుంచే పోతున్నది. జర మెత్తటి నూలు టోపీ తేండ్రి" అన్నది. బజార్ల దొరికినయన్నీ తెచ్చినం. ఒక్కొక్కటి ముక్కు దాక దిగవట్టె. నా బ్యాగుల సూది ఎప్పుడూ ఉంటది. "నేనల్లుత" అన్న, పెద్ద మొనగత్తె లెక్క.

దారం కొననీకి లేస్తే, చెల్లె అత్తగారు చెయ్యి పట్టుకొని ఆపింది. ఆమెది కోదాడ. నేను అత్తమ్మ అంట గని, చెల్లె పెండ్లినాటి నుంచి ఆమెకూ నాకూ ఉప్పూ నిప్పే.

"కొత్త దారం వద్దమ్మాయ్. ఇంకా పురుడన్నా కాలేదు" అని, ఇంటి నుంచి మూటగట్టుకొచ్చిన పాత గుడ్డలల్లకెళ్లి ఒక తెల్లది తీసింది. సూస్తే టీవీ మీద కప్పనీకి నేనల్లిన గుండ్రటి నూలు గుడ్డ! చెల్లె పెండ్లికి ఇష్టంగ అల్లి ఇచ్చింది. "ఇది విప్పేయ్. ఎన్నిసార్లు ఉతికానో, వెన్నలా అయింది."

నాకు తిక్క రేగింది. "నా చేతి పని నన్నే ఇప్పమంటవా అత్తమ్మా?" అన్న. ఎప్పుడూ మాటకు మాట అంటించే మనిషి, ఆ రోజు గుడ్డను ఒళ్లె పరుసుకున్నది. దారం కొస ఎతికి తనే లాగుడు షురూ చేసింది. లాగుకుంటనే కండ్లు నర్సు పోయిన తలుపు మీదనే పెట్టింది. నేను పోయి పక్కన కూసున్న. ఆమె ఇప్పుకుంట పోతే నేను ఉండ చుట్టిన. ఉడుకునీళ్లల్ల ఉతికి ఎండబెట్టినంక అల్లుడు మొదలుపెట్టిన.

నడిమిట్ల చిన్న సున్న వేసి చుట్టూ తిరుగుకుంట అల్లాలె. వరస వరసకు కుట్లు పెంచకుంటే ముడుచుకపోతది. కింద వరసల ఏడ పెంచిన్నో, మీద వరసల గూడ సరిగ్గ ఆడనే పెంచుడు నా అలవాటు. లెక్క తప్పదు గద. కాకపోతే ఆ పెంచిన చోటల్లా మూల తేల్తది. టీవీ గుడ్డకు మూలలుంటే ఎవరడుగుతరు, డిజైన్ అనుకుంటరు.

నర్సు టోపీ లోపల వేలు పెట్టి సూసి వాపసిచ్చింది. "ఈ మూలల కాడ గట్టిగున్నదమ్మా. పిల్ల తల ఇంక జున్ను లెక్కుంటది, ఒత్తుకపోతది" అన్నది. నా పానం ఉసూరుమన్నది. పిల్ల కాళ్లు ఇంక సల్లగనే ఉన్నయట. చెల్లె గోడదిక్కు తిరిగి పండుకున్నది.

అత్తమ్మ ఆ టోపీని అరచేతిల బోర్లిచ్చుకొని బొటనవేలితోని తడిమింది. కోదాడల వాళ్ల బజారుల ఎవరింట్ల పిల్ల పుట్టినా నీళ్లు పోసేది ఆమెనే. కాళ్లు చాపి పిల్లను పండబెట్టుకొని, నూనె రాసి, తల గుండ్రంగ రావాలని మెల్లగ ఒత్తేది. గిప్పుడు సొంత మనుమరాలినే ముట్టనిస్తలేరు.

"కుట్లు ఎక్కడ పెంచుతున్నావ్?" అన్నది. సూపించిన.

"అదేంటమ్మాయ్! తల ఒత్తేటప్పుడు రోజూ ఒక్కచోటే ఒత్తుతామా? సొట్ట పడుద్ది. చెయ్యి తిప్పుతా ఉండాలి. ఇవాళ ఇక్కడైతే రేపు పక్కన."

"ఇది తల గాదు అత్తమ్మా, దారం."

"పెట్టేది తలకే గదా!"

మొత్తం ఇప్పి మళ్ల అల్లిన. కింద పెంచిన చోటును మీద వరసల వదిలేసి, రెండు పెంపుల నడిమిట్ల పెంచిన. దాని మీది వరసల ఇంకింత పక్కకు. ఏడ పెంచిన్నో మర్సిపోకుండ అత్తమ్మ ఆడ వేలు పెట్టి పట్టుకునేది. ఒక్క మూల రాలే. బత్తాయిని సగానికి కోసి బోర్లిచ్చినట్టు గుండ్రంగొచ్చింది.

నర్సు లోపల వేలు తిప్పి సూసి, లోపలికి తీస్కపోయింది. సాయంత్రం తలుపు సగం తీసి, "కాళ్లు ఎచ్చగైనయ్" అన్నది. అత్తమ్మ కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్సింది. నేను ఆమెను పట్టుకొని ఏడ్సిన.

పిల్ల బరువు పెరిగి ఇంటికొచ్చింది. నీళ్లు పోయొచ్చని డాక్టర్ చెప్పిన రోజు నేను గూడ కోదాడ పోయిన. అత్తమ్మ కాళ్లు చాపి పిల్లను పండబెట్టుకున్నది. బజారుల ఆడోళ్లందరు చుట్టూ మూగి, ఇప్పుడు ఒత్తుతది, ఇప్పుడు ఒత్తుతది అని సూస్తున్నరు. ఆమె అరచెయ్యి పిల్ల తల మీద ఆనించి, చుట్టూ ఒక్కసారి తిప్పి, తీసేసింది.

"ఒత్తవా అత్తమ్మా?" అన్న.

"నేనెందుకు ఒత్తడం?" అని నా దిక్కు సూడకుండనే చెంబు అందుకున్నది. "దీని పెద్దమ్మ ముందే గుండ్రంగా చేసి పెట్టింది."