చప్పట్లకు ముందు ఒక్క మాట

అమెరికాలోని మెంఫిస్‌లో ఒక వీధి చర్చిలో ఈస్టర్ ఆదివారం పిల్లలు ఒక్కొక్కరే లేచి నాలుగు మాటలు అప్పజెప్పాలి. బిడ్డ మధ్యలో ఆగిందా, ఇంకేముంది, మరిచిపోయిందనుకుని చర్చంతా "ఫర్వాలేదులే తల్లీ!" అంటూ చప్పట్లు కొట్టి కూర్చోబెట్టేస్తుంది. ప్రేమే, కాదనలేం. ఆ ప్రేమ ఎంతమంది ఆడపిల్లల నోళ్లు నొక్కేసిందో జడలల్లే దుకాణం నడిపే వెర్డెల్‌ను అడగాలి.

తొమ్మిదో ఏట వెర్డెల్ తను సొంతంగా రాసుకున్న నాలుగు మాటలు చెబుతూ ఊపిరి కోసం ఆగింది. చప్పట్లు మోగాయి. చివరి మాట చెప్పనేలేదు. ముందు వరసలో ఉన్న అమ్మ కోసం రాసిన మాట అది. అది జరిగి యాభై మూడేళ్లు గడిచాయి, అమ్మా పోయింది, ఆ మాటేమిటో ఇప్పుడు వెర్డెల్‌కే గుర్తు లేదు. దుకాణంలో ఎవరికో జడలు అల్లుతూ అల్లుతూ చేతులాపి వెతుక్కుంటుంది. దొరకదు.

అందుకే శనివారం మధ్యాహ్నాలు దుకాణం మూసి, చర్చి కింది గదిలో ఆడపిల్లలకు రాయడం, నిలబడి చెప్పడం నేర్పుతోంది. ఈ ఏడు కెజయా వంతు. పదకొండేళ్లది, బడిలో నోరెక్కువ అని పేరు.

"మిస్ వెర్డెల్, ఇక్కడ కాసేపు ఊరుకుంటా. అందరూ నా వైపు చూసేదాకా," అంది కాగితం మీద వేలు పెట్టి.

"నువ్వూరుకుంటే మనవాళ్లు ఊరుకోరే పిల్లా! చప్పట్లతో చంపేస్తారు."

"అయినా ఊరుకుంటా."

"మొండిఘటం!" అంది వెర్డెల్ మురిసిపోతూ.

ఈస్టర్ నాడు పసుపు గౌనులో కెజయా లేచింది. "బడిలో మెల్లగా మాట్లాడమంటారు. బస్సులో మెల్లగా నవ్వమంటారు..." అని ఆగింది.

చర్చికి పెద్దదిక్కు, తొంభై ఏళ్ల మదర్ లుసిండా ముందుగా చేతులెత్తింది. "ఫర్వాలేదులే బంగారం!" అంతే, అందరూ అందుకున్నారు. పిల్ల ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఆపండి! చేతులు దించండి!" వెర్డెల్ లేచి అరిచింది. "మరిచిపోలేదది. మీరు చూడాలని ఆగింది. కాస్త ఓపిక పట్టి వినలేరూ?"

చేతులన్నీ దిగాయి. కెజయా ఒక్కొక్కరినీ చూసింది.

"ఎంత గట్టిగా అరిచినా, నువ్వేమంటున్నావమ్మా అని ఇంతవరకు నన్నొక్కరూ అడగలేదు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మదర్ లుసిండా బెంచీ పట్టుకుని మెల్లగా లేచి నిలబడింది.

"నువ్వేమంటున్నావే అమ్మా? నా చప్పట్ల గోలలో సరిగా వినలేదు. చెప్పు తల్లీ."

ఆనాడు తననెవరైనా అలా అడిగి ఉంటే ఎంత బాగుండునో అనుకుంటే వెర్డెల్‌కు ఏడుపు తన్నుకొచ్చింది. కెజయా మాత్రం గొంతు సవరించుకుని మొదటి నుంచీ మొదలుపెట్టింది.